సీసాలో మైలేజీ ఉందా? ఇంజిన్ శుభ్రం చేసే మందుల చరిత్ర

ఈ సంవత్సరం మా సాంఘికశాస్త్రం టీచరుగారు చరిత్ర వ్యాసానికి ఒక నియమం పెట్టారు. రాజుల గురించి, యుద్ధాల గురించి రాయకూడదు. ఇంట్లో ఉన్న ఒక వస్తువును తీసుకుని దాని చరిత్ర రాయాలి. నా స్నేహితురాళ్ళు రోలు, రేడియో, అవ్వ పెళ్ళి చీర లాంటివి తీసుకున్నారు. నేను మా నాయన బండిలో సీటు కింద దొరికిన ఒక చిన్న సీసా తీసుకున్నాను. అందరూ నవ్వారు. కానీ ఆ సీసా వల్ల మా ఇంట్లో ఎంత గొడవ జరిగిందో, అది ఎంత పెద్ద చరిత్రలో చివరి ముక్కో నాకు తెలుసు కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

మా నాయనకు ఒక చిన్న డీజిల్ ట్రక్కు ఉంది. మా హోసూరులో అందరూ దాన్ని తమిళంలో ‘కుట్టి యానై’ అంటారు. అంటే ఏనుగు పిల్ల. తెల్లవారుజామున మూడు గంటలకు రోజాపూలు, టమాటాలు, క్యాబేజీ ఎత్తుకుని బెంగళూరు మార్కెట్టుకు పోతాడు. పోను రాను 80 కిలోమీటర్లు. కిరాయి డబ్బు చేతికి రాగానే ముందు డీజిలు లెక్క పక్కన పెడతాడు. మిగిలిందే మాకు.

పోయిన ఏడాది బండి మైలేజీ తగ్గిపోయింది. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చేది 13కు దిగింది. అప్పుడే లారీలు నిలిపే చోట ఒకాయన నాయనకు ఈ సీసా చూపించాడు. ట్యాంకు నింపేటప్పుడు ఒక సీసా పోస్తే ఇంజిన్ లోపలి మురికంతా కడుక్కుపోతుందని, మైలేజీ 20 శాతం పెరుగుతుందని చెప్పాడు. సీసా ధర 480 రూపాయలు. 20,000 రూపాయలు డిపాజిట్టు కడితే హోసూరు చుట్టుపక్కల అమ్మే ఏజెంటుగా నాయననే పెట్టుకుంటానన్నాడు. ముందు 12 సీసాలు 350 లెక్కన నాయన తెచ్చాడు. డిపాజిట్టు డబ్బు కోసం చీటీ పాడదామనుకున్నాడు. ఆ చీటీ అమ్మ నా ప్లస్ వన్ చేరిక కోసం రెండేళ్ళుగా కడుతున్నది.

అవ్వ సీసా చేతిలో తిప్పి తిప్పి చూసింది. పైన ఇంగ్లీషు పెద్దగా, కింద తమిళం చిన్నగా ఉంది.

“మన తెలుగులో ఏమీ రాయలేదా? సరేలే, దీంట్లో ఏముండాదో నువ్వు చదివి చెప్పు” అంది.

నేను మొత్తం చదివాను. “ఏమి చేస్తుందో రాసుండాది అవ్వా. లోపల ఏముండాదో రాయలేదు” అన్నాను.

ఆ ప్రశ్న నుంచే ఈ వ్యాసం పుట్టింది.

టోపీ సూదితో మొదలైంది

కార్ల్ బెంజ్ అనే జర్మన్ ఇంజనీరు 1886లో పెట్రోలుతో నడిచే మూడు చక్రాల బండికి పేటెంటు తీసుకున్నాడు. కానీ దాన్ని కొనడానికి జనం ముందుకు రాలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఆయనకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండి మీద బయలుదేరింది. దూరం 100 కిలోమీటర్లకు పైనే. అప్పటికి పెట్రోలు బంకులు లేవు. దారిలో వీస్‌లోక్ అనే ఊళ్ళో మందుల అంగడిలో బట్టల మరకలు తీయడానికి అమ్మే లిగ్రోయిన్ అనే ద్రవాన్ని కొని బండిలో పోసింది. ఒక చోట ఇంధనం వచ్చే గొట్టం మురికితో మూసుకుపోతే తన టోపీకి పెట్టుకున్న సూది తీసి దాన్ని పొడిచి శుభ్రం చేసింది.

ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. మొట్టమొదటి దూర ప్రయాణంలోనే ఇంధనం దారిలో మురికి చేరింది. దాన్ని శుభ్రం చేసింది మెకానిక్కు కాదు, పిల్లల తల్లి. ఇంకో విషయం కూడా గమనించాను. ఆ రోజు బండిలో పోసిన ద్రవమే బట్టల మురికి తీసే మందు. అంటే ఇంధనానికీ, మురికి తీసే మందుకూ చుట్టరికం మొదటి నుంచీ ఉంది.

మురికి ఎందుకు వస్తుంది? పెట్రోలు, డీజిలు ఒకే పదార్థం కాదు. వందల రకాల హైడ్రోకార్బన్ల కలయిక. వాటిలో కొన్ని వేడికి, గాలికి మారి జిగురుగా తయారవుతాయి. ఆ జిగురు కార్బురేటర్‌లో, వాల్వుల మీద, ఇంజెక్టరు మూతి దగ్గర అతుక్కుని మాడి బొగ్గులా గట్టిపడుతుంది. అప్పుడు ఇంధనం సన్నని తుంపరలా పడకుండా చుక్కలుగా పడుతుంది. చుక్క పెద్దదైతే సరిగా కాలదు. పొగ వస్తుంది, బలం తగ్గుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది.

మా తాతకు ఈ పాఠం పుస్తకం లేకుండానే తెలుసు. 1980లో మా హోసూరు ఫ్యాక్టరీ నుంచే టీవీఎస్ 50 మోపెడ్ మార్కెట్టులోకి వచ్చింది. తాత కొన్నేళ్ళ తర్వాత ఒకటి కొని దాని మీద కొత్తిమీర కట్టలు సంతకు తీసుకుపోయేవాడు. అది టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ కూడా కాలి సైలెన్సర్‌లో మసిగా పేరుకునేది. “ఆర్నెల్లకోసారి సైలెన్సర్ ఊడదీసి, లోపలి గొట్టం మంటలో కాల్చి, మసి దులిపేటోళ్ళం. ఆ రోజు బండి గుర్రం మాదిరి ఉరికేది” అని తాత ఇప్పటికీ చెప్తాడు.

సీసం కథ

ఇంధనంలో మందు కలపడం పెద్ద వ్యాపారం కావడానికి కారణం మురికి కాదు, మోత. 1910 తర్వాత ఇంజిన్ల బలం పెంచుతూ పోతే లోపల ఇంధనం సమయానికి ముందే పేలి టకటకమని కొట్టుకునేది. దీన్ని నాకింగ్ అంటారు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ కోసం పనిచేసే థామస్ మిడ్‌గ్లీ, ఆయన పై అధికారి చార్లెస్ కెట్టరింగ్ దీనికి మందు వెతికారు. 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం పదార్థం కొంచెం కలిపితే ఆ మోత ఆగిపోతుందని కనుక్కున్నారు. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో సీసం కలిపిన పెట్రోలు మొదటిసారి అమ్మారు. మోత లేకపోతే ఇంజిన్లను ఇంకా బలంగా, తక్కువ పెట్రోలు తాగేలా తయారు చేయవచ్చు. అంటే ఇది కూడా మైలేజీ పేరు చెప్పి వచ్చిన మందే.

కానీ సీసం కాలిన తర్వాత ఇంజిన్ లోపలే పూత లాగా పేరుకుని స్పార్క్ ప్లగ్గులను, వాల్వులను పాడు చేసింది. దానికి విరుగుడుగా ఇథిలీన్ డైబ్రోమైడ్ అనే ఇంకో రసాయనం కలిపారు. అది సీసంతో కలిసి ఆవిరై పొగగొట్టం నుంచి బయటికి పోతుంది. ఇంజిన్ శుభ్రమైంది. కానీ ఆ సీసమంతా వీధిలోకి, మనుషులు పీల్చే గాలిలోకి వచ్చింది. చరిత్రలో పెద్ద ఎత్తున వాడిన మొదటి ఇంజిన్ శుభ్రం చేసే మందు ఇదేనేమో అనిపించింది నాకు. ఇల్లు ఊడ్చి చెత్తను పక్కింటి వాకిట్లో పోసినట్టుంది.

సీసం విషమని అప్పటికే తెలుసు. మిడ్‌గ్లీకే 1923లో సీసం విషం ఎక్కి కొన్నాళ్ళు సెలవు తీసుకోవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేవే రిఫైనరీలో ఈ పదార్థం తయారు చేసే కార్మికులు మతి తప్పి ఐదుగురు చనిపోయారు. ఆ నెలలోనే మిడ్‌గ్లీ పత్రికల వాళ్ళ ముందు దాన్ని చేతుల మీద పోసుకుని, వాసన చూసి, ఏమీ కాదని చూపించాడు. ఆలిస్ హామిల్టన్ అనే వైద్యురాలు ఇది ప్రజలకు ప్రమాదమని గట్టిగా వాదించింది. మద్యసారం కలిపినా మోత తగ్గుతుందని ఆ కంపెనీ వాళ్ళకూ తెలుసు. అయినా 1926లో సీసం పెట్రోలు అమ్మకానికి మళ్ళీ అనుమతి దొరికింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు సీసం మంచిదా చెడ్డదా అన్న పరిశోధనకు ఎక్కువ డబ్బు సీసం అమ్మే కంపెనీలే ఇచ్చాయి. అమ్మేవాళ్ళే పరీక్ష పెట్టి, వాళ్ళే మార్కులు వేసుకున్నట్టు.

దీన్ని బయటపెట్టింది మోటారు మనిషి కాదు. క్లేర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త రాళ్ళలోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రకటించాడు. ఆ పని చేస్తున్నప్పుడు ఎక్కడ చూసినా, తన ప్రయోగశాల దుమ్ములో కూడా, సీసం ఎక్కువగా కనిపించింది. ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందని వెతికితే పెట్రోలు దగ్గర తేలింది. 1965లో ఆయన దాని గురించి రాసిన తర్వాత పరిశోధనకు వచ్చే డబ్బు కొంత ఆగిపోయింది. అయినా ఆయన వదలలేదు.

మన దేశంలో 1994లో నాలుగు మహానగరాల్లో సీసం తక్కువగా ఉన్న పెట్రోలు, 1995 ఏప్రిల్ నుంచి అదే నగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చాయి. 1999 ఫిబ్రవరిలో మా నాయన రోజూ పోయే బెంగళూరులోనే సీసం విషం గురించి అంతర్జాతీయ సభ జరిగింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ప్రపంచంలో చివరగా అల్జీరియా దేశం 2021లో ఆపింది. 1923 నుంచి 2021 వరకు 98 ఏళ్ళు. ఒక తప్పు మందు బజారులోకి రావడానికి పట్టింది ఏడాదికి కొంచెం ఎక్కువ, పోవడానికి పట్టింది దాదాపు నూరేళ్ళు.

కుంకుడుకాయ లాంటి మందు

ఇక నిజంగా మురికి తీసే మందులు. 1950ల మధ్యలో అమెరికాలో కార్బురేటర్ మురికి తీసే డిటర్జెంటు కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది. డిటర్జెంటు అంటే సబ్బు జాతి. అది ఎలా పనిచేస్తుందో మా సైన్సు టీచరుగారు కుంకుడుకాయతో చెప్పారు. కుంకుడు రసంలోని అణువుకు రెండు కొనలు ఉంటాయి. ఒక కొన జిడ్డును పట్టుకుంటుంది, ఇంకో కొన నీటిని పట్టుకుంటుంది. నీళ్ళు పోయగానే జిడ్డును లాక్కుని పోతుంది. ఇంజిన్ మందు అణువుకు కూడా రెండు కొనలు. ఒకటి నైట్రోజన్ ఉన్న తల, అది మురికికి, లోహానికి అతుక్కుంటుంది. ఇంకొకటి పొడుగాటి తోక, అది పెట్రోలులో కరుగుతుంది. పెట్రోలు పారేటప్పుడు మురికిని కొంచెం కొంచెంగా లాక్కుపోతుంది. కొత్త మురికి అతుక్కోకుండా కూడా కాపాడుతుంది.

1980లలో కార్బురేటర్లు పోయి ఇంజెక్టర్లు వచ్చాయి. ఇంజెక్టరు రంధ్రం చాలా సన్నం. కొంచెం మురికి చేరినా బండి ముక్కుతూ నడిచేది. అప్పుడు ఇంకా గట్టి మందులు అవసరమయ్యాయి. 1995 జనవరి నుంచి అమెరికాలో అమ్మే ప్రతి పెట్రోలులోనూ మురికి చేరకుండా చూసే మందు తప్పనిసరిగా ఉండాలని అక్కడి పర్యావరణ సంస్థ నియమం పెట్టింది. ఆ నియమం చాలదని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి అంతకంటే గట్టి కొలత ఒకటి పెట్టాయి. మన దేశంలో 2002లో ప్రభుత్వ చమురు కంపెనీలు మందు కలిపిన పెట్రోలును వేరే పేర్లతో, కొంచెం ఎక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నియమాలతో మన పెట్రోలు, డీజిలులో గంధకం పది లక్షల పాళ్ళలో 50 నుంచి 10 పాళ్ళకు దిగింది.

కాబట్టి ‘ఇంజిన్ మందులన్నీ మోసం’ అని నేను రాయడం లేదు. మురికి నిజం. మురికిని తీసే రసాయనం నిజం. కానీ అది చేయగలిగింది ఒక్కటే. మురికి వల్ల పోయిన మైలేజీని తిరిగి తెస్తుంది. కొత్త బండి ఇచ్చిన దానికంటే ఎక్కువ ఇవ్వదు.

ఇది ఎందుకో కూడా తెలుసుకున్నాను. మంచిగా ఉన్న ఇంజిన్‌లో పోసిన ఇంధనంలో నూటికి 97, 98 పాళ్ళు ఎలాగూ కాలిపోతుంది. ‘ఇంధనం పూర్తిగా కాలేలా చేస్తుంది’ అని సీసా మీద రాసి ఉంటే, ఇంకా కాలవలసింది రెండు మూడు పాళ్ళే. దాని నుంచి 20 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? ఇంధనం శక్తిలో ఎక్కువ భాగం వేడిగా రేడియేటర్ నుంచి, పొగగొట్టం నుంచి పోతుంది. దాన్ని సీసాలో మందు ఆపలేదు.

చమురు కరువులో మాయ మందులు

1973లో అరబ్బు దేశాలు చమురు పంపడం తగ్గించాయి. కొన్ని నెలల్లోనే ధర నాలుగు రెట్లయింది. ప్రపంచమంతా మైలేజీ మాట మొదలైంది. అప్పుడే బజారులోకి మాత్రలు, పొడులు, అయస్కాంతాలు, సీసాలు వచ్చాయి. అమెరికా పర్యావరణ సంస్థ చట్టప్రకారం ఇలాంటి వాటిని పరీక్షించడం మొదలుపెట్టింది. వందకు పైగా పరీక్షించారు. ఎక్కువ వాటితో ఏ తేడా రాలేదు. కొద్ది వాటితో కొంచెం వచ్చింది. వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చిన విషయం ఏమిటంటే, అదే బండిని అదే తీరులో మందు లేకుండా ఒకసారి, మందుతో ఒకసారి నడిపి కొలుస్తారు. ఒక్కసారికి ఒక్కటే మారుస్తారు.

మన దేశంలో 1978లో పెట్రోలియం పొదుపు పరిశోధన సంస్థ, అంటే పీసీఆర్ఏ, ఏర్పడింది. వాళ్ళు చెప్పేవి చూస్తే చాలా మామూలుగా ఉంటాయి. టైర్లలో గాలి సరిగా పెట్టండి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపండి, ఒకే వేగంలో నడపండి. వీటిలో దేనికీ సీసా అక్కరలేదు. అందుకేనేమో వీటి గురించి ఎవరూ పార్కింగు దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పరు.

మన తమిళనాడులో 1996లో రాజపాళయం వైపు యువకుడు ఒకడు మూలికలు వేసి మరిగించి నీటిని పెట్రోలుగా మారుస్తానన్నాడు. దేశమంతటా పేపర్లలో వచ్చింది. శాస్త్రవేత్తల ముందు ప్రదర్శన కూడా జరిగింది. వాళ్ళు దాన్ని ఒప్పుకోలేదు. తర్వాత అది సీబీఐ కేసు దాకా పోయింది. మా తాత మాత్రం “పెద్దోళ్ళు తొక్కేసినారు” అనే అంటాడు. నీటిలో ఉన్నది హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే, పెట్రోలుకు కావలసిన కార్బన్ అంతా కొన్ని ఆకుల నుంచి రాదు కదా తాతా అంటే, “నువ్వు చదువుకున్నదానివి, నాకేం తెలుసు” అని నవ్వుతాడు. పేదవాళ్ళకు పెట్రోలు ఖర్చు ఎంత బాధో తాతకు తెలుసు. అందుకే నమ్మాలనిపించింది. మా నాయన నమ్మడానికి కూడా అదే కారణం. ఇది అర్థమయ్యాక నాకు నాయన మీద కోపం పోయింది.

మా ఇంటి పరీక్ష

నాయన మొదటి సీసా పోసిన వారమే మైలేజీ 13 నుంచి 15న్నరకు వచ్చింది. నాయన సంతోషానికి హద్దు లేదు. “చూస్తివా? నేను చెప్పలేదా?” అన్నాడు. ఆ వారంలోనే తోటి డ్రైవర్లకు ఆరు సీసాలు 480 లెక్కన అమ్మేశాడు.

నేను ఒక ప్రశ్న అడిగాను. “నాయనా, ఆ రోజు బండికి ఇంకేమైనా చేయించినావా?”

కొంచెంసేపు ఆలోచించాడు. అదే రోజు సర్వీసు చేయించాడు. మెకానిక్కు ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేశాడు. టైర్లలో గాలి చాలా తక్కువ ఉందని నాలుగింటికీ పట్టించాడు. అంటే ఒకేసారి మూడు మారాయి. పేరు మాత్రం సీసాకు వచ్చింది.

నాయనకు నా మాట నచ్చలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ మధ్యలో పడి, “20,000 కట్టే ముందు పిల్ల చెప్పినట్టు ఒకసారి చూస్తే ఏమి పోయె? ఆ దుడ్డు దాని చదువుది కదా” అంది. నాయన సరే అన్నాడు.

ప్రతిసారీ ట్యాంకు నిండా నింపి, 25 లీటర్లు అయ్యేదాకా నడిపి, మళ్ళీ నిండా నింపి కిలోమీటర్లు రాశాం. అదే బంకు, అదే దారి, దాదాపు అంతే లోడు. ఒక ట్యాంకుకు ఐదు రోజులు పట్టేది. సీసా లేకుండా నాలుగు ట్యాంకులు: లీటరుకు 15.6, 15.4, 15.8, 15.5 కిలోమీటర్లు. సీసాతో నాలుగు ట్యాంకులు: 15.4, 15.9, 15.6, 15.7. సగటు తీస్తే మొదటిది 15.58, రెండోది 15.65. తేడా లీటరుకు 70 మీటర్లు.

25 లీటర్ల ట్యాంకుకు డీజిలు ఖర్చు 2,300 రూపాయలకు పైనే. 480 రూపాయల సీసా గిట్టుబాటు కావాలంటే ఒక ట్యాంకులో ఐదు లీటర్లు మిగలాలి. మాకు మిగిలింది పెద్ద టీ గ్లాసుకు సరిపడేంత, పది పన్నెండు రూపాయల డీజిలు.

నాయన ఒక మంచి ప్రశ్న వేశాడు. “మొదటి సీసాకే లోపలంతా కడిగేసుంటుంది. అందుకే తర్వాత తేడా తెలీలేదేమో?” అది నిజమే కావచ్చు. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు మెకానిక్కు అంగడిలో దొరికింది. పాత ఎయిర్ ఫిల్టర్ ఇంకా మూలలో పడి ఉంది. రోడ్డు పనులు జరిగే చోట దుమ్ముకు అది మట్టి పట్టి మూసుకుపోయింది. మెకానిక్కు “వద్దన్నా, ఇంజిన్‌కు మంచిది కాదు” అన్నాడు. ఒక్క ట్యాంకుకే అని ఒప్పించి దాన్ని మళ్ళీ బిగించి, చివరి సీసా కూడా పోసి నడిపాం. మైలేజీ 13.4. సీసా ఉంది, ఫిల్టర్ లేదు, మైలేజీ పోయింది. నాయన నోటుబుక్కు మూసి ఇంకేమీ అనలేదు. మరుసటి పొద్దున కొత్త ఫిల్టర్ మళ్ళీ వేయించుకున్నాడు. దాని ధర ఒక్క సీసా ధర కంటే తక్కువే.

డిపాజిట్టు కట్టలేదు. చీటీ పాడలేదు. ఆ అమ్మినాయన ఫోను ఎత్తడం మానేశాడు. సీసాలకు పోసిన 4,200 రూపాయలు పోయాయి.

తర్వాత నాయన చేసిన పని నేను ఎప్పటికీ మరిచిపోను. ఆరుగురు డ్రైవర్ల దగ్గరికి తానే పోయి, “నేను చెప్పింది తప్పు, మీ దుడ్డు తీసుకోండి” అని తిరిగి ఇచ్చాడు. సిగ్గుగా లేదా నాయనా అని అడిగితే, “అబద్ధమని తెలిసినాక ఊరకుంటేనే సిగ్గు” అన్నాడు. ఐదుగురు తీసుకున్నారు. ఆరో ఆయన తీసుకోలేదు. తన బండికి నిజంగానే మైలేజీ పెరిగిందన్నాడు. ఆయన బండి చాలా పాతది. ఇంజెక్టర్లు ఎప్పుడూ శుభ్రం చేయించలేదట. ఆయన విషయంలో మందు పనిచేసే ఉండవచ్చు. లేదా ఆయన కూడా ఆ వారం గాలి పట్టించి ఉండవచ్చు. కొలవకుండా చెప్పలేం.

1924లో ఐదుగురు చనిపోయిన తర్వాత కూడా కంపెనీ పెద్దలు తమ మందును శాశ్వతంగా వెనక్కి తీసుకోలేదు. హోసూరులో ఒక కుట్టి యానై డ్రైవరు ఆరు సీసాల డబ్బు వెనక్కి ఇచ్చాడు. చరిత్ర పుస్తకంలో మొదటిదే ఉంటుంది. రెండోది మన పాఠశాల పత్రికలో అయినా ఉండాలని రాశాను.

ఇప్పుడు మా ఇంట్లో ఆ నోటుబుక్కు బండిలోనే ఉంటుంది. నాయన ప్రతి ట్యాంకుకూ కిలోమీటర్లు రాస్తాడు. లెక్క మాత్రం నాచేతే వేయిస్తాడు. ఖాళీ సీసాలన్నీ పాత సామాన్ల వాడికి ఇచ్చేశాం, ఒక్కటి తప్ప. దాన్ని నేను ఈ వ్యాసంతో పాటు తరగతికి తెచ్చాను. అవ్వ కోసం దాని మీద ఒక తెల్ల కాగితం అంటించి తెలుగులో రాశాను: ‘ఇందులో ఏముందో రాయలేదు. పోసే ముందు ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి చూసుకోండి.’

(పదో తరగతి విద్యార్థిని, హోసూరు)